ఆ శ్రీకాకుళం కాదండీ, ఈ శ్రీకాకుళం

కృష్ణాతీరం_శ్రీను
మా తాతయ్య కళ్ళజోడు నాలుగు వందల కిలోమీటర్ల అవతలికి వెళ్ళి కూర్చుంది. హైదరాబాదులో కొత్త అద్దాలు చేయించి ఊరికి కొరియర్ చేశాను. పదకొండు రోజులైంది. ఇవాళ పొద్దున ఒక కుర్రాడు ఫోన్ చేసి "సార్, ఏడురోడ్ల జంక్షన్ దగ్గరున్నాను, మీ ఇల్లు ఎటు?" అన్నాడు. మా ఊళ్ళో ఏడురోడ్ల జంక్షన్ లేదు. అప్పుడు అర్థమైంది.

మాదీ శ్రీకాకుళమే. కానీ కృష్ణా జిల్లా, ఘంటసాల మండలం, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. చిన్నప్పటి నుంచీ ఇదే గోల. హాస్టల్లో చేరిన రోజే "సిక్కోలోడివా? యాస రాదేంటి నీకు?" అన్నారు. మా చెల్లి సంబంధం విషయంలో మరీ ఘోరం. గుడివాడ వాళ్ళు మధ్యవర్తితో "శ్రీకాకుళం అంటే అంత దూరం పిల్లని చేసుకోలేమండీ" అని చెప్పి పంపారట. గుడివాడ నుంచి మాకు గంట ప్రయాణం! మాకు ఆ సంగతి తెలిసేసరికి అబ్బాయికి నిశ్చితార్థం అయిపోయింది.

తాతయ్యకి ఎనభై రెండేళ్ళు. పేపరు చదవకుండా ఆయనకి రోజు గడవదు. పాత కళ్ళజోడు కాడ విరిగితే దారం కట్టుకుని నెట్టుకొస్తున్నారు. నా బాధ అది. మీ ఊళ్ళకీ ఇలాంటి జంట ఊళ్ళున్నాయా? ఎలా నెట్టుకొస్తున్నారు?

గోదారి_గట్టు
మాది పి.గన్నవరం అండి, కోనసీమ. బెజవాడ దగ్గర గన్నవరంలో విమానాశ్రయం ఉంది కదండి, మా మావగారి తరఫు చుట్టాలు "మీ ఊళ్ళోనే దిగుతున్నాం, కారు పంపండి" అని కబురు చేశారు ఓసారి. మా ఊళ్ళో దిగేవి కొంగలేనండి. విమానం లేకపోతేనేం, నది మీదుగా కాలవని దాటించే అక్విడక్టు ఉంది మాకు. కాటన్ దొర కాలం నాటిది. అది చూడ్డానికైనా రావాలండి మీరు.

మెదక్_మంజుల
నర్సాపూర్ సంగతి చెప్త వినుండ్రి. మాది మెదక్ జిల్లా నర్సాపూర్. పట్నం నుంచి బస్సుల గంటన్నర. మా అత్తమ్మ మొదటిసారి ఒక్కతే వస్తున్నది. సికింద్రాబాద్ స్టేషన్ల ఎవరినో అడిగిందట, "నర్సాపూర్ పోవాలె" అని. వాళ్ళు మంచిగనే నర్సాపూర్ రైలు చూపిచ్చిన్రు. ఎక్కి పండుకున్నది. తెల్లారి ఫోన్ చేసి "అన్ని కొబ్బరిచెట్లే ఉన్నయి బిడ్డా, పాలకొల్లు అని రాసున్నది" అన్నది. అది పశ్చిమ గోదావరి నర్సాపురం పోయే బండి! నేను ఏడ్చిన. ఆమె మాత్రం నవ్వింది. ఆ ఊరోళ్ళు ఎవరో ఇంటికి తోల్కపోయి, అన్నం పెట్టి, సాయంత్రం మళ్ళ రైలెక్కిచ్చిన్రు. ఇప్పటికీ పండుగకు ఫోన్ చేసుకుంటరు.

గోదారి_గట్టు
@మెదక్_మంజుల నర్సాపురం వాళ్ళు అన్నం పెట్టకుండా పంపరండి. అది మాత్రం రాసిపెట్టుకోండి.

సిక్కోలు_చిన్నోడు
శ్రీనుగారూ, నాను ఇక్కడే, సిక్కోల్లోనే ఉన్నాను. ఏడురోడ్లు మా ఇంటికి పది నిమిషాలు. పార్సిల్ ఏ ఆఫీసులో ఉందో కనుక్కోండి, నాను ఎల్లి తెచ్చి పంపుతాను.

ఇంకో మాట. మీ ఊరొకటి ఉందని నాకు ఇయ్యాలే తెలిసింది. ఏటనుకోకండి, శ్రీకాకుళం ఒకటే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

కృష్ణాతీరం_శ్రీను
@సిక్కోలు_చిన్నోడు మీరు ఆ మాట అన్నారు, అదే చాలు. కనుక్కుని చెబుతాను.

మా ఊరి గురించి తెలియదన్నారు కాబట్టి ఒక్క సంగతి. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు వెళ్తూ బెజవాడలో ఆగి, అక్కణ్ణుంచి మా ఊరొచ్చి ఏకాదశి ఉపవాసం ఉన్నారు. ఆ రాత్రి కలలో ఆంధ్రమహావిష్ణువు కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడు. 'ఆముక్తమాల్యద' పుట్టింది అలాగే. ఆ దేవుడు మా ఊరి దేవుడు. గుడి ఇప్పటికీ ఉంది.

సిక్కోలు_చిన్నోడు
అయ్యబాబోయ్. అది మా ఊరే అనుకున్నాను! స్కూల్లో మేస్టారు పాఠం చెప్పినప్పుడు "మన శ్రీకాకుళమేరా" అన్నట్టే గుర్తు. కళింగ దండయాత్ర అంటే ఇటే కదా వచ్చింది, సరిపోయింది అనుకున్నాం.

లైబ్రరీ_పిచ్చి
మీ మేస్టారిది పెద్ద తప్పేమీ కాదు, చాలామంది అలాగే పొరబడతారు. పద్యాల్లో 'శ్రీకాకుళం' అని వచ్చినప్పుడు చుట్టూ ఏముందో చూడాలి. కాసుల పురుషోత్తమ కవి 'ఆంధ్రనాయక శతకం' ఉంది కదా, మకుటంలోనే 'శ్రీకాకుళాంధ్రదేవ' అని పిలుస్తాడు. అదీ ఈ కృష్ణా తీరం స్వామినే. దేవుణ్ణి తిడుతున్నట్టే ఉంటూ పొగిడే నిందాస్తుతి పద్యాలు. తెలుగులో అంత చనువుగా దేవుడితో మాట్లాడిన శతకాలు చాలా తక్కువ.

అలాంటి తగువే వేములవాడది. వేములవాడ భీమకవిది సిరిసిల్ల దగ్గరి వేములవాడా, గోదావరి జిల్లాలోని వేములవాడా అని పండితులు వాదించుకున్నారు. ఒకే పేరుతో రెండు ఊళ్ళుంటే కవి ఇద్దరికీ కావలసినవాడే.

ఓరుగల్లు_వెంకన్న
ఏకశిలానగరం సంగతి మర్చిపోయిన్రా? ఓరుగల్లుకు ఆ పేరున్నది, ఒంటిమిట్టకూ ఆ పేరున్నది. పోతన మావోడు. బమ్మెర మాకు పక్కనే.

కడప_కుర్రోడు
అన్నా, ఒంటిమిట్టలో రాముని గుడి ముందర నిలబడి ఆ మాట చెప్పు, చూద్దాం.

వేదిక_నిర్వాహకురాలు
పోతన గురించి వేరే చర్చాదారం తెరుచుకోండి. పోయినేడాది ఆ చర్చ నలభై పేజీలు నడిచింది. ఇక్కడ శ్రీనుగారి కళ్ళజోడు సంగతి చూద్దాం. అలాగే ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు బయట పెట్టకండి, వ్యక్తిగత సందేశంలో పంపుకోండి.

పాలమూరు_పిల్లగాడు
మా బాధ ఇంకో తీరు. ఊరి పేరు ఒక్కటే కాదు, కానీ ఒక్క మనిషి పేరు మీదనే రెండు ఊర్లు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్, ఆయన పేరు మీదనే మహబూబాబాద్. ఒకటి పట్నానికి దక్షిణం, ఇంకోటి వరంగల్ దాటినంక. మా తమ్మునికి ఇంటర్వ్యూ ఉత్తరంల మహబూబాబాద్ అని ఉన్నది. వాడు చదువుకుంట చదువుకుంట 'మహబూబ్' దాంక చదివి ఆపిండు. ఇంట్లనే ఉన్న ఊరు కదా అని పొద్దున తొమ్మిదింటికి తయారైండు.

ఇగ చూడుండ్రి, మా నాయనమ్మ ఎన్నడన్న తప్పిపోయిందా? లేదు. ఆమెకు ఇది పాలమూరు, అది మానుకోట. రెండు పేర్లల్ల ఒక్క అక్షరం గూడ కలవదు.

సిక్కోలు_చిన్నోడు
పాలమూరు అన్న చెప్పింది నిజం. మా అమ్మ ఎప్పుడూ శ్రీకాకుళం అనదు. సిక్కోలే. అలాగైతే తగువే లేదు శ్రీనుగారూ: మాది సిక్కోలు, మీది శ్రీకాకుళం.

కృష్ణాతీరం_శ్రీను
ఇంత సులువుగా తీరుతుందని మా హాస్టల్లో అప్పుడెవరూ చెప్పలేదు.

రాయవేలూరు_రాణి
మేం తమిళనాడులో స్థిరపడిన తెలుగువాళ్ళం. మా ఇంట్లో పెద్దవాళ్ళు వేలూరు అనరు, రాయవేలూరు అంటారు. ఎందుకని అడిగితే మా అవ్వ చెప్పింది: "ఏలూరు వేరు, వేలూరు వేరు, ఊరికే అంటే ఎవురికి తెలుస్తుంది?" ఇంగ్లీషు దొరలు ఏలూరుని ఎల్లోర్ అని, వేలూరుని వెల్లోర్ అని, నెల్లూరుని నెల్లోర్ అని రాశారు. మూడింటికీ మొదటి అక్షరమే తేడా. ఉత్తరాలు మోసినవాళ్ళని తలుచుకుంటే జాలేస్తుంది.

ఆర్ఎంఎస్_పెద్దాయన
ఆ జాలి నా మీదే అమ్మా. రైల్వే మెయిల్ సర్వీసులో ముప్పై నాలుగేళ్ళు సార్టింగు చేశాను. అర్ధరాత్రి, కదిలే బండిలో, పసుపు బల్బు కింద, గూళ్ళ ముందు నిలబడి. ఎవరి చేతిరాతైనా రెండు సెకన్లలో చదవాలి.

ఊరి పేరు మీద మేం ఎప్పుడూ ఆధారపడలేదు. కొత్తపల్లి అని రాస్తే ఏ కొత్తపల్లికి వేస్తాం? కొత్తపేట, రామాపురం, వెంకటాపురం, గంగవరం... జిల్లాకి నాలుగైదు ఉంటాయి. ఆ రోజుల్లో 'వయా' అని ఒక మాట ఉండేది. 'రాయవరం పోస్టు, వయా రామచంద్రపురం'. ఆ వయా మా ప్రాణం. చదువు రాని వాళ్ళు రాయించుకున్న ఉత్తరాల మీద కూడా వయా తప్పకుండా ఉండేది. ఇప్పుడు ఇంజనీర్లు రాసే చిరునామాలో అది లేదు.

1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చింది. ఒక్కో అంకెకీ పనుంది. మొదటిది 5 అయితే మన వైపు, అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. మొదటి మూడూ కలిపితే సార్టింగు జిల్లా. చివరి మూడూ ఉత్తరం పంచే పోస్టాఫీసు. మంజులమ్మ నర్సాపూర్ 502తో మొదలవుతుంది, ఆ నర్సాపురం 534తో. పేరు ఎంత కలిసినా సంచీ కలవదు.

శ్రీనూ, మీ కృష్ణా జిల్లా 521. సిక్కోలు 532. ఒకసారి రసీదు తీసి చూడు నాయనా, నువ్వేం రాశావో.

కృష్ణాతీరం_శ్రీను
చూశాను. 532001 అని ఉంది. ఆన్‌లైన్ ఫారంలో ఊరి పేరు కొట్టగానే మిగతాదంతా అదే నింపింది. జిల్లా గడి కూడా 'శ్రీకాకుళం' అనే నింపింది. నేను పేరు చూశాను, సరిగ్గానే ఉంది కదా అని నొక్కేశాను. కొరియర్ కుర్రాడి మీద కోపం తెచ్చుకున్నాను పొద్దున. అతను వెళ్ళమన్న చోటికే వెళ్ళాడు. సాయంత్రం ఫోన్ చేసి క్షమించమని చెబుతాను.

లాజిక్_లక్ష్మణ్
ఇన్ని తిప్పలెందుకు? రాష్ట్రంలో ఒక పేరు ఒక ఊరికే ఉండాలని ప్రభుత్వం నిబంధన పెడితే సరిపోతుంది. మొదట రిజిస్టరైన ఊరికి పేరు ఉంచి, మిగతావాటికి కొత్త పేర్లు పెట్టాలి. వాహనాల నంబర్లు అలాగే ఇస్తారు కదా.

కడప_కుర్రోడు
ఊరు బండి కాదు కదన్నా.

మానుకోట_మల్లేశ్
@లాజిక్_లక్ష్మణ్ పేరు మార్చుడు మాకు చేసి చూసిన్రు. మానుకోటను మహబూబాబాద్ చేసిన్రు. దానితోనే కదా పాలమూరు పిల్లగాని తమ్ముడు ఇంటర్వ్యూ పోగొట్టుకున్నది.

పాలమూరు_పిల్లగాడు
పోగొట్టుకోలేదన్నా, మధ్యాహ్నం దాంక ఆగమై మోటర్‌సైకిల్ మీద పోయిండు. వాళ్ళు మంచోళ్ళు, ఆఖరున పిలిచిన్రు.

ఆర్ఎంఎస్_పెద్దాయన
లక్ష్మణ్ బాబూ, వేరుచేసే సంఖ్య ఇప్పటికే ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ ఒక కోడ్ ఉంటుంది. ఏ రెండు ఊళ్ళకీ ఒకటే రాదు. యంత్రానికి అది చాలు. మనిషికి మాత్రం పేరు కావాలి. ఫారాలు తయారుచేసేవాళ్ళు ఊరి పేరు కొట్టగానే మండలం ఏదని అడిగితే ఈ కళ్ళజోడు దారి తప్పేది కాదు.

లాజిక్_లక్ష్మణ్
కోడ్ ఉన్న సంగతి నాకు తెలియదు. అయితే ఫారంలో మండలం తప్పనిసరి చేయాలన్నది నా సవరణ. పేరు మార్పు వెనక్కి తీసుకుంటున్నాను.

అనకాపల్లి_అరుణ
పేరు ముందు అక్షరం తగిలించడం గురించి ఎవరూ మాట్లాడలేదు. మాది ఎస్.రాయవరం. గోదావరి వైపు రాయవరంతో కలవకుండా ఎస్ పెట్టారు. అసలు పేరు సర్వసిద్ధి రాయవరం. ఎంత బాగుంది చెప్పండి! 1862లో గురజాడ అప్పారావుగారు పుట్టిన ఊరు. ఇప్పుడు మా పిల్లల్ని ఎస్ అంటే ఏంటని అడిగితే 'సౌత్' అంటున్నారు. మా అబ్బాయి టీచరు కూడా 'శ్రీ' అయ్యుంటుంది అందట. బస్సు బోర్డు మీద చోటు లేక కుదించారు, ఆ బోర్డే మన నోట్లోకి వచ్చేసింది. జి.మాడుగుల కూడా అంతే, గంగరాజు మాడుగుల. మన్యంలో ఉంటుంది. హల్వా మాడుగుల అది కాదు, ఇటు వి.మాడుగుల. హల్వా కోసం ఘాటెక్కి వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు.

బెజవాడ_బుజ్జి
మా జిల్లాలో ఎ.కొండూరు, జి.కొండూరు రెండూ ఉన్నాయి. వేరే జిల్లాలో కూడా కాదు, ఒకే జిల్లాలో. మా బ్యాంకులో ఒకాయన ప్రతి దరఖాస్తు మీదా "ఏ కొండూరు?" అని అడుగుతాడు, అవతలివాళ్ళు "అవునండి, ఎ.కొండూరే" అంటారు. రోజుకి పదిసార్లు వినబడుతుంది.

గోదారి_గట్టు
😂😂 ఇది చాలండి ఇవాల్టికి.

కాగజ్‌నగర్_కిరణ్
మా దగ్గర అక్షరం వెనక పెడతరు. సిర్పూర్ (టి), సిర్పూర్ (యు). టి అంటే టౌన్, యు అంటే ఉట్నూరు. ఇక రైల్వే స్టేషన్లు చూడుండ్రి: 'సిర్పూర్ కాగజ్‌నగర్' అని ఒకటి, 'సిర్పూర్ టౌన్' అని ఇంకొకటి. కాగితపు మిల్లు సిర్పూర్ పేరుతో ఉంటది, ఉండేది మాత్రం కాగజ్‌నగర్‌ల. ఛత్తీస్‌గఢ్‌ల సిర్పూర్ అని పాత గుళ్ళున్న ఊరు ఇంకోటి ఉన్నది. ఆ గుడి ఫోటోలు పెట్టి "మీ ఊరు ఇంత అందంగా ఉంటదని తెల్వదు" అని నాకు మెసేజ్‌లు వస్తయి. నేను థాంక్స్ చెప్తున్న ఇప్పుడు, వివరించీ వివరించీ అలసిపోయిన.

ట్రావెల్_తులసి
అనంతగిరి! ఈ పేరు ఎత్తకుండా ఈ దారం పూర్తికాదు. మా ఆఫీసు జట్టు హైదరాబాదు నుంచి వారాంతానికి అనంతగిరి వెళ్దామనుకున్నాం. వికారాబాద్ దగ్గరిది, మూసీ పుట్టే కొండలు, రెండు గంటల దారి. గది చూడమని కొత్తగా చేరిన అమ్మాయికి చెప్పాం. ఆమెది విశాఖ. చక్కగా అరకు దారిలో అనంతగిరిలో, బొర్రా గుహల దగ్గర పన్నెండు మందికి గదులు తీసుకుంది. డబ్బు తిరిగి రాదు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి బయటపడింది సంగతి.

ఏం చేశామంటే, రాత్రికి రాత్రి రైళ్ళూ బస్సులూ పట్టుకుని అక్కడికే వెళ్ళాం. ఒక్క రోజే ఉన్నాం. పొద్దున్నే కాఫీ తోటల మీద మంచు. ఆ అమ్మాయి మూడు రోజులు మాతో మాట్లాడటానికి భయపడింది పాపం. మేం మాత్రం ఇప్పటికీ ఆమెకి కృతజ్ఞతగానే ఉన్నాం. సూర్యాపేట జిల్లాలో మూడో అనంతగిరి కూడా ఉందట, అదీ చూడాలి.

పెనుకొండ_బాబు
మా పక్క ఒక్క అక్షరం తేడాతో సస్తున్నాం. మాది పెనుకొండ, 1565 తర్వాత విజయనగర రాజులు వచ్చి రాజధాని చేసుకున్న ఊరు. పశ్చిమ గోదావరిది పెనుగొండ, వాసవమ్మ క్షేత్రం. 'కొ'కూ 'గొ'కూ మధ్య ఎంతమంది యాత్రికులు తప్పిపోయినారో. మా నాయనకు స్టేషను ఎదురుగా టీ అంగడి. ముసలావిడ ఒకామె దిగి "వాసవి అమ్మవారి గుడి యాడ నాయనా?" అని అడిగింది. అసలు సంగతి చెప్పేదానికి మా నాయనకు నోరు రాలేదు. ముందు టీ ఇచ్చి, తర్వాత చెప్పినాడు.

తాండూరు_తాజుద్దీన్
ఊర్లు ఊర్లతోనే కాదు, వస్తువులతో గూడ కలుస్తయి. నేను తాండూరు అంటే హోటల్ల రొట్టెలు కాల్చే పొయ్యి అనుకునేటోళ్ళు ఉన్నరు. మాది బండలు, కందిపప్పు ఊరు. మా కందులకు భౌగోళిక గుర్తింపు గూడ వచ్చింది. ఇగ మంచిర్యాల జిల్లాల ఇంకో తాండూరు మండలం ఉన్నది, అక్కడోళ్ళు మా కందిపప్పు పేరు వాడుకుంటే మాకేం కోపం లేదు, రుచి చూసి ఎవరిదో చెప్పొచ్చు.

షాబాద్ బండలని ఇండ్లల్ల పరుస్తరు కదా. ఆ షాబాద్ కర్ణాటకల, కలబురిగి దగ్గర. రంగారెడ్డి జిల్లాల షాబాద్ అని మండలం ఉన్నది. అక్కడికి లారీ తీస్కపోయి గని ఎక్కడ అని అడిగినోణ్ణి నేను చూసిన.

పాలమూరు_పిల్లగాడు
బాలానగర్ సీతాఫలం గట్లనే. పట్నంల బాలానగర్ అంటే ఫ్యాక్టరీలు. సీతాఫలం బాలానగర్ మా పాలమూరుది, బెంగళూరు రోడ్డు మీద. అక్టోబర్‌ల వచ్చి చూడుండ్రి, రోడ్డు పొడుగునా గంపలే.

కడప_కుర్రోడు
నాకు చిన్నప్పటి నుంచీ ఒక అనుమానం. సీమచింతకాయ మా రాయలసీమదేనా? సీమ వంకాయ కూడా?

లైబ్రరీ_పిచ్చి
కాదు నాయనా. అక్కడ 'సీమ' అంటే విదేశం. సీమ దొర, సీమ సరుకు అన్నట్టు. సీమచింత, సీమ వంకాయ రెండూ మెక్సికో వైపు నుంచి వచ్చినవి. సీమ వంకాయనే బెంగళూరు వంకాయ అంటారు, అది బెంగళూరుదీ కాదు.

కడప_కుర్రోడు
ఇన్ని దినాలు మాదేనని అందరికీ చెప్పినానే! పోనీలే, చెట్టు మా బడి ఎనకాల ఉన్నింది, కాయలు మేమే తిన్నాం.

ఒంగోలు_సుబ్బులు
మా సంగతి తిరగబడింది. పేరు మాది కావలసింది, వేరే ఊరికి పోయింది. బ్రెజిల్‌లో కోట్ల పశువులున్నాయి, మూపురం ఉన్న తెల్లటివి. అవి మన ఒంగోలు జాతి. అక్కడ వాటిని 'నెలోర్' అంటారు, అంటే నెల్లూరు. ఎందుకంటే మొదట్లో పశువులు సముద్రం దాటినప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది, 1970లో మాకు సొంత జిల్లా వచ్చింది. ఎద్దు మాత్రం పాత జిల్లా పేరుతోనే ఉండిపోయింది. నెల్లూరు వాళ్ళు అప్పుడప్పుడు ఆ గొప్ప చెప్పుకుంటుంటే మా నాన్న లేచి వెళ్ళిపోతాడు.

డాలస్_దుర్గ
ఇక్కడ మాకూ ఇదే. మా అక్కది ఒహాయో డబ్లిన్, మా మరిదిది కాలిఫోర్నియా డబ్లిన్, మా పిన్ని కూతురు చదువుకి వెళ్ళింది ఐర్లండ్ డబ్లిన్. అమ్మ ముగ్గురికీ ఒకే వాట్సాప్ సందేశం పెడుతుంది, "డబ్లిన్‌లో చలి ఎలా ఉంది?" అని. ముగ్గురూ మూడు జవాబులిస్తారు.

నాకు ఎక్కువ మనసుకి తగిలింది వేరే. మా అపార్టుమెంట్లో ఒక పెద్దావిడ, సింధీ. నాది హైదరాబాద్ అన్నాను. ఆవిడ కళ్ళు మెరిశాయి, "నాదీ" అంది. వాళ్ళది సింధులో హైదరాబాద్. దేశం విడిపోయినప్పుడు పసిపిల్లగా వచ్చేసింది. మన ఊరు 1591లో కులీ కుతుబ్ షా కట్టించింది, వాళ్ళది 1768లో సింధు ఒడ్డున కల్హోరా పాలకుడు గులాం షా కట్టించింది. రెండు ఊళ్ళూ గాజులకి పేరే. మనది లాడ్ బజారు లక్క గాజులు, వాళ్ళది గాజు గాజులు. పోయిన సెలవులకి వచ్చినప్పుడు లాడ్ బజారులో ఒక జత కొని ఆవిడకి తెచ్చాను. చేతికి వేసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "హైదరాబాద్ గాజులు" అంది చివరికి. నేను సరిదిద్దలేదు. సరిదిద్దడానికేముంది?

మెదక్_మంజుల
దుర్గా, ఇది చదివి మా అత్తమ్మకు వినిపిచ్చిన. ఆమె నర్సాపురం అక్కకు ఫోన్ చేస్తున్నది ఇప్పుడు.

కోరంగి_నావ
పేరు అంతకంటే దూరం కూడా పోతుంది. కాకినాడ దగ్గర మా కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 తుపాను ఊరిని తుడిచిపెట్టింది. బర్మాకి పోయిన మన తెలుగువాళ్ళందర్నీ అక్కడ 'కోరంగీలు' అనేవారు, ఏ ఊరివాళ్ళయినా సరే. ఆస్ట్రేలియా తూర్పున సముద్రంలో 'కోరింగా' అనే చిన్న దీవులున్నాయి. ఆ పేరు పెట్టుకున్న ఓడ అక్కడ మునిగితే దీవులకి అదే పేరొచ్చింది. ఊళ్ళో ఇప్పుడు మడ అడవి చూడ్డానికి వచ్చేవాళ్ళే ఎక్కువ.

సిక్కోలు_చిన్నోడు
శ్రీనుగారూ, పార్సిల్ తెచ్చేసాను. మీరు సందేశంలో పంపిన రసీదు నంబరు చూపిస్తే ఇచ్చేసారు. పెట్టె నొక్కుకుపోలేదు, భయపడకండి. రేపు పొద్దున్నే పోస్టులో వేస్తాను. పెద్దాయనగారూ, చిరునామా ఎలాగ రాయాలో మీరే చెప్పండి, నాను అక్షరం పొల్లు పోకుండా రాస్తాను.

ఆర్ఎంఎస్_పెద్దాయన
పెద్ద అక్షరాలు, నల్ల సిరా. మొదట పేరు, తండ్రి పేరు, ఇంటి గుర్తు. తర్వాత ఇలా:

శ్రీకాకుళం గ్రామం
వయా ఘంటసాల
ఘంటసాల మండలం
కృష్ణా జిల్లా

కింద పిన్‌కోడు, శ్రీనుని అడిగి ఆరంకెలూ సరిచూసుకో. 'జిల్లా' అన్న మాట వదలకు, కృష్ణా అని ఒక్కటే రాస్తే మనిషి పేరనుకుంటారు. పంపేవారి చిరునామాలో మీ ఊరు కూడా శ్రీకాకుళమే కాబట్టి అది వెనక వైపు రాయి, ముందు వైపు వద్దు. ఒకే కవరు మీద రెండు శ్రీకాకుళాలు కనిపిస్తే సార్టరు ఎంత మంచివాడైనా నిద్రమత్తులో వెనక్కి పంపేస్తాడు. నేనే ఒకసారి పంపాను, నలభై ఏళ్ళ కిందట, రామచంద్రపురం ఉత్తరం.

సిక్కోలు_చిన్నోడు
రాసాను. వెనక వైపు 'సిక్కోలు' అనే రాసాను.

కృష్ణాతీరం_శ్రీను
నాలుగో రోజున చేరింది. అమ్మ వీడియో తీసి పంపింది. తాతయ్య పెట్టె విప్పక ముందు కవరు చూశారు. దారం కట్టిన కళ్ళజోడుతోనే, దగ్గరగా పెట్టుకుని, 'వయా ఘంటసాల' అని బయటికి చదివారు. "ఈ కాలంలో కూడా వయా రాసేవాడున్నాడా? ఎవర్రా ఇతను?" అన్నారు.

తర్వాత కొత్త అద్దాలు పెట్టుకుని వెనక వైపు తిప్పారు. సిక్కోలు అని చూసి "అక్కడా మనవాళ్ళున్నారన్నమాట" అన్నారు. పెట్టెలో అరసవల్లి సూర్యనారాయణస్వామి కుంకుమ పొట్లం కూడా ఉంది. అది మీరు చెప్పలేదు చిన్నోడుగారూ. అమ్మ దేవుడి గదిలో పెట్టింది. వచ్చే ఏకాదశికి మా గుడికి మీ ఇంటిల్లిపాదీ రావాలని తాతయ్య మాట. రైలు బెజవాడలో దిగండి, నేను వచ్చి తీసుకెళ్తాను.

సిక్కోలు_చిన్నోడు
మా అమ్మ ఇప్పుడే అడిగింది, "ఎక్కడికిరా?" అని. శ్రీకాకుళం అన్నాను. "ఇక్కడే ఉన్నాం కదరా" అంటంది. ఈ దారమంతా చదివి వినిపిస్తన్నాను.